డిసెంబరు పాఠం

షార్జా, అల్ నహ్దా
డిసెంబరు 2020

మరియక్కా,

ముందు నన్ను తిట్టుకో, తర్వాత చదువు. నిన్న నీ వీడియో కాల్ మధ్యలో ఆగిపోయింది నెట్ పోయి కాదు. నేనే ఆపేశాను.

నువ్వు మొహానికి పెట్టుకునే ఆ ప్లాస్టిక్ అద్దం వెనకనుంచి "బంగారం, అన్నం తిన్నావా" అని అడిగిన దగ్గర మొదలవుతుంది ఎలీనా ఏడుపు. ఫోన్ పెట్టేశాక కంచం ముట్టదు. మర్నాడంతా మొహం ముడుచుకునే ఉంటుంది. మార్చిలో నిన్ను కోవిడ్ వార్డు డ్యూటీలో వేసి హోటల్లో ఉంచినప్పుడు, రెండు వారాల మాటేనని పిల్లను నా దగ్గర దించి వెళ్ళావు. ఇదిగో, క్రిస్మస్ నక్షత్రం కట్టే నెల వచ్చేసింది. ఒళ్ళో ఉండగానే తండ్రి పోయిన పిల్ల. దానికున్నది నువ్వొక్కదానివి. ఆ ఒక్కదానివీ తెరమీద కనపడి మాయమైపోతుంటే ఆరేళ్ళ పిల్ల ఎలా తట్టుకుంటుంది చెప్పు.

మా ఇంటి బడి సంగతి నీకు తెలుసు. మావాడు జోషువా నత్తిని చూసి తోటి పిల్లలు ఏడిపిస్తుంటే వాణ్ణి బడి మానిపించి నేనే చెప్పుకుంటున్నాను కదా. ఇప్పుడు విద్యార్థులు ఇద్దరయ్యారు. టీచరు, వంటమనిషి, ఆయా అన్నీ నేనే. డిసెంబరులో మా బడికి పుస్తకాలు మూత. ఎండలు తగ్గి మనుషులు బయట తిరగగలిగే నెలలో కూర్చుని ఎక్కాలు వల్లించడమేమిటని నేను పెట్టిన రూలు అది. బాల్కనీ కుండీల్లో ధనియాలు నలిపి చల్లుతాం. రాస్ అల్ ఖోర్ వెళ్ళి చలికి వలస వచ్చిన పక్షుల్ని చూస్తాం. మీ మరిది గారు సజ్జాలో తన ఫ్యాక్టరీ నుంచి పాత వెదురు తడిక ఒకటి తెచ్చారు, దాన్ని చీల్చి నక్షత్రం కడతాం. అయిదు మొనలు. ఇంట్లో మనిషికొకటి. అయిదోది నీది, అది ఎలీనా అతికిస్తానంది. క్రిస్మస్ ముందు పిండివంటకు గులాబీ పువ్వులు వేస్తాను, మనమ్మ ఇచ్చిన అచ్చుతోనే.

ఫోన్లు, ట్యాబ్ అల్మారాలో పెట్టి తాళం. నెల మొత్తానికి ఒకటే పాఠం: దూరంగా ఉన్న మనిషికి చేత్తో ఒక ఉత్తరం రాయాలి. దానిమీదా గొడవే. జోషువా స్కేలు తెచ్చి మ్యాపు కొలిచి, "పెద్దమ్మ ఉన్న ముసఫ్ఫా ఇక్కడే ఉందే, పాలకొల్లు ద-దూరం, నువ్వు తాతయ్యకే రాయాలి" అని తీర్పు చెప్పాడు. ఎలీనా బావురుమంది. చివరికి నేనే రూలు మార్చాను. దూరం మ్యాపులో ఉండదు, మాట్లాడాలని ఉన్నా ఎవరితో మాట్లాడలేకపోతున్నామో ఆ మనిషే దూరం అని చెప్పాను. టీచరునన్న గర్వంతో చెప్పానులే.

అందుకని ఈ నెల నువ్వూ ఫోన్ చేయకు అక్కా. రాయి. కూరగాయల బండి జానీ బాషా వారానికోసారి మీ వైపు వస్తాడు, అతనికివ్వు. పిల్ల ఏడవకుండా ఒక క్రిస్మస్ గడవనీ.

నీ చెల్లెలు
సలోమి

&nbsp;

ముసఫ్ఫా, ఐకాడ్ దగ్గర, నర్సుల క్వార్టర్స్
డిసెంబరు 2020

హెడ్‌మిస్ట్రెస్ గారికి,

తిట్టుకోమన్నావు కనక తిట్టుకున్నాను. హోటల్ నుంచి మమ్మల్ని ఈ క్వార్టర్స్‌కు మార్చారు, గదికి ముగ్గురం. నీ ఉత్తరం చదువుతుంటే పక్క మంచం మలయాళీ అమ్మాయి "ఎవరు పోయారు సిస్టర్" అని అడిగింది. నా మొహం అలా ఉందట.

నువ్వన్నది నిజమే. ఫోన్ పెట్టేశాక నేనూ అన్నం తినను. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. కాబట్టి నీ రూలు నాకూ మంచిదేనేమో. ఈ నెల ఫోన్ చేయను.

షార్జా రావాలంటే రావడం కష్టం కాదు, తిరిగి అబుదాబిలోకి రావాలంటే టెస్టులు, క్వారంటైను. మా మేట్రన్ సెలవు మాట ఎత్తితే నా వంక కూడా చూడదు. డే డ్యూటీ అడిగి పెట్టాను. అదిస్తే ఫ్యామిలీ క్వార్టర్ కూడా ఇస్తారు. జనవరి కాకపోతే ఫిబ్రవరి. పిల్లను తీసుకెళ్ళిపోతాను, నీకు కొంచెం ఊపిరాడుతుంది.

రిసెప్షన్‌కు వచ్చిన పూలగుత్తులకు చుట్టిన గులాబీ రంగు పలచటి కాగితం ఉంటే దాచాను. బాగా ఎండలో పెట్టే పంపుతున్నాను, భయపడకు. నా మొన దీంతో అతికించమని చెప్పు. పాలకొల్లులో నాన్న నక్షత్రం కట్టేటప్పుడు మైదా జిగురు గిన్నె నువ్వు నాకేదానివి, పిల్ల కూడా నాకుతుంది చూసుకో.

నీ
మరియక్క

&nbsp;

షార్జా
డిసెంబరు 2020

మా అమ్మకు,

నేను బాగున్నాను. నక్షత్రంలో నీ మొన నేనే అతికించాను. జిగురు నాకాను. బాగోలేదు.

కొంగల్ని చూశాము. అవి గులాబీ రంగులో ఉన్నాయి. అవి చలికి ఇక్కడికి వస్తాయి, మళ్ళీ వాళ్ళ ఇంటికి వెళ్ళిపోతాయి అని పిన్ని చెప్పింది. కొత్తిమీర మొలిచింది. నువ్వు ఎప్పుడూ ముసుగులో ఉంటే నీ మొహం మర్చిపోతానని అన్నయ్య అన్నాడు. నేను మర్చిపోను.

నువ్వు వచ్చేసెయ్.

ఎలీనా

&nbsp;

షార్జా
ఫిబ్రవరి 2021

అక్కా,

జనవరి అన్నావు, ఫిబ్రవరి అన్నావు. కేసులు మళ్ళీ పెరిగాయని మేమూ వింటున్నాం, నిన్ననడం లేదు. పిల్ల కుదుటపడిందని చెప్పడానికే రాస్తున్నాను. ఇప్పుడు ఏడవడం లేదు. గుణింతాలు వచ్చేశాయి. శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు రమ్మంటే "బొమ్మ వేసుకుంటున్నా, తర్వాత" అంటోంది, చూశావుగా. అలవాటు పడిందిలే అని సంతోషించాను. నువ్వూ సంతోషించు.

ఇప్పుడిప్పుడే నిలదొక్కుకున్న పిల్లను మళ్ళీ కదపడమెందుకు, ఎండలు అయ్యేదాకా ఇక్కడే ఉండనీ. ఏమంటావు?

సలోమి

&nbsp;

ముసఫ్ఫా
ఫిబ్రవరి 2021

సలోమీ,

సరే. ఉండనీ. పాపను జాగ్రత్తగా చూసుకో. నాకు ఫోన్ చేయకండి కొన్నాళ్ళు, డ్యూటీ ఎక్కువ.

అక్క

&nbsp;

షార్జా
మే 2021

అక్కా,

ఫిబ్రవరిలో నాలుగు ముక్కలు గిలికి పంపావు, అక్షరాలు కూడా వంకరటింకర. అలిగాను. అయినా రంజాన్ సెలవుకు వచ్చావు, అలక పోయింది. మనిషివి సగమయ్యావు. డ్యూటీ అంటే తిండి మానేయమని కాదు కదా.

పిల్ల నా నైటీ వెనక దాక్కుందని మనసులో పెట్టుకోకు. ఇంటికి ఎవరొచ్చినా అంతే చేస్తోంది, ఏడాదిగా మనుషుల్ని చూసిందెక్కడ. నువ్వున్నది ఒక్క పూట. రెండు రోజులుంటే నీ ఒళ్ళోంచి దిగేది కాదు. వెళ్ళేటప్పుడు నువ్వు చెప్పులు వేసుకుంటుంటే తలుపు దగ్గరికొచ్చి నిలబడింది కదా. అది చాలు.

జోషువా అడిగాడు, పెద్దమ్మ ఎందుకు ఏ-ఏడవలేదు, సినిమాల్లో అమ్మలు ఏడుస్తారుగా అని. నర్సులు ఏడవరురా అని చెప్పాను.

సలోమి

&nbsp;

షార్జా
డిసెంబరు 2021

మరియక్కా,

క్రిస్మస్ బాగా జరిగింది. నువ్వు లేవన్న లోటు తప్ప. రెండేళ్ళ తర్వాత సంఘంవాళ్ళు ఈసారి క్యారల్స్‌కు బయల్దేరారు. నలుగురైదుగురే, మాస్కులతోనే, డోలక్ ఒకటి. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు మా ఫ్లాటుకు వచ్చారు. సంఘ పెద్ద ఇశ్రాయేలు గారి ఆధ్వర్యంలో క్రిస్మస్ తాత కూడా. ఎవర్ని పట్టుకొచ్చారో కానీ ఆ తాతకు డాన్సు బొత్తిగా రాదక్కా! పొట్టకు కట్టిన దిండు మోకాళ్ళ దాకా జారిపోయింది. జోషువా పడీ పడీ నవ్వాడు. పాపకు గులాబీ రంగు స్వెటరు ఇచ్చాడు తాత, సరిగ్గా దాని కొలతే. పాప ఏదో చెప్పింది, తాత ఏదో అడిగాడు, అంతా గోలగోలగా ఉంది. గులాబీ పువ్వులు పెట్టి టీ ఇస్తానంటే ఆగకుండా అందరికంటే ముందే దిగిపోయాడు.

నక్షత్రం కట్టాం. నీ మొన ఈసారి జోషువా అతికించాడు. పాప నా మొన అతికిస్తానని పట్టుబట్టింది, పిల్లలు కదా. కొంగలు ఈ ఏడు తక్కువ వచ్చాయి. కొత్తిమీరకు పురుగు పట్టింది.

డే డ్యూటీ సంగతి ఏమైంది? తొందరేం లేదులే, ఊరికే అడిగాను.

సలోమి

&nbsp;

ముసఫ్ఫా
డిసెంబరు 2021

సలోమీ,

ఆ తాతకు డాన్సు ఎందుకు రాదో చెప్తాను. ఆ తాతను నేనే.

డే డ్యూటీ ఇచ్చారు. క్వార్టర్ తాళాలు ఇచ్చారు. నీకు ఫోన్‌లో చెప్పకుండా వచ్చి పిల్లను ఎత్తుకుందామనుకున్నాను. ఇశ్రాయేలు గారిని బతిమాలి తాత వేషం నేను వేసుకుంటానన్నాను. ఆయన "నర్సమ్మగారూ, మీరు డాన్సెయ్యాలండి మరి" అంటే సరేనన్నాను. నలభై దాటినదాన్ని, దిండు కట్టుకుని మెట్లెక్కుతుంటే చిన్నపిల్లలా నవ్వొచ్చింది నాకు.

ఆట పట్టించి అప్పుడు గడ్డం తీద్దామని, గొంతు బొంగురు చేసి అడిగాను. "ఏవమ్మా, మీ అమ్మ ఏదీ?" అన్నాను. నేనే అని చెప్పడానికి గడ్డం మీద చెయ్యి కూడా వేశాను. అది వంటింట్లోకి పరుగెత్తి, మైదా పిండి చేతులతో ఉన్న నిన్ను కొంగు పట్టి లాక్కొచ్చింది. "ఇదిగో మా అమ్మ!" అంది. నువ్వు నవ్వావు. కాదని అనలేదు.

గోలగోలగా ఉందని రాశావు. గోల లేదు సలోమీ. ఆ మాట అన్నప్పుడు డోలక్ కూడా ఆగింది.

స్వెటరు చేతిలో పెట్టి దిగిపోయాను. లిఫ్టులో గడ్డం తడిసి మొహానికి అంటుకుపోయింది. ముసుగులో ఏడవడం నాకు అలవాటే, అందుకని ఎవరికీ తెలియలేదు. నర్సులు ఏడవరని నువ్వు మీ వాడికి చెప్పావు చూడు, అది నాకు బాగా పనికొచ్చింది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఫిబ్రవరిలో నాలుగు ముక్కలే రాశానని అలిగావు. అప్పుడు నేను ఆ వార్డులో మంచం పక్కన లేను, మంచం మీద ఉన్నాను. మా అమ్మాయిలే నాకు ఆక్సిజన్ పెట్టారు. ఉండనీ అని ఆ మంచంమీదే రాశాను. నేను పోతే పిల్ల నీదవుతుంది, ఫరవాలేదు అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. బతికి బయటపడ్డాక అదే మాట తలుచుకుంటే భయమేస్తోంది.

జనవరి మొదట్లో వస్తాను. తాతగా కాదు. పిల్లను తీసుకెళ్తాను. కదపొద్దని రాయకు.

మరియకుమారి

&nbsp;

షార్జా
జనవరి 2022

అక్కా,

గడ్డం తీయాల్సింది. నువ్వు తీసి ఉంటే నేను సిగ్గుతో అక్కడే చచ్చిపోయేదాన్ని, అయినా తీయాల్సింది. పిల్ల ముందు నిజం చెప్పే పని నాకు మిగిల్చి లిఫ్టెక్కి పోయావు.

నీకు కోపమొస్తుంది, రానీ. మొదటిసారి పొరపాటున అంది. జోషువా అమ్మా అంటూ వెనకాలే తిరుగుతుంటాడు కదా, వాడితో పాటు అదీ అంది. "పిన్నిని కదే" అన్నాను. రెండోసారీ దిద్దాను. వేసవిలో ఒళ్ళు కాలిపోతూ నా మెడ పట్టుకుని అమ్మా అంది, ఆ రోజు దిద్దలేకపోయాను. ఆ తర్వాత దిద్దడం మానేశాను. నీకు రాసేటప్పుడు మాత్రం ఆ సంగతి ఒక్కసారీ రాయలేదు. నీ కూతుర్ని దొంగిలించానా అని నువ్వు అడగలేదు. అడిగితే లేదనడానికి నాకు నోరు రాదు.

నువ్వు చావుబతుకుల్లో ఉండి నాకు చెప్పలేదు. అది మాత్రం నేను క్షమించను. అక్కవై ఉండి, ఒంటరిగా.

బట్టలు సర్దాను. పెరుగు మీద మీగడ ఉంటే తినదు. పడుకునేటప్పుడు చీర చెంగు గుప్పిట్లో పట్టుకుంటుంది, నువ్వు నైటీలు మానెయ్. చీకటంటే భయం లేదు, లిఫ్టంటే భయం. ఎందుకు వెళ్ళాలని అడుగుతోంది. ముసఫ్ఫాలో ఉన్నావిడే మీ అమ్మ, నేను పిన్నిని అని చెప్పాను. ఒక పూటంతా బాల్కనీలో కుండీల దగ్గర కూర్చుంది. తర్వాత వచ్చి "సరే పిన్నీ" అంది. చెప్పు తీసి కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

నువ్వొచ్చిన రోజు నేను ఏడిస్తే పట్టించుకోకు.

సలోమి

&nbsp;

ముసఫ్ఫా
మార్చి 2022

సలోమీ,

పాప బాగుంది. అంటే ఒంట్లో బాగుంది. ఇక్కడ బళ్ళో వేశాను, నాకు నీలా ఇంట్లో చెప్పడం రాదు. టీచర్లు దీని అంత బుద్ధిమంతురాలు లేదంటున్నారు. అదే నాకు భయం. ఏది పెట్టినా తింటుంది, మీగడతో సహా. ఏది చెప్పినా సరే అంటుంది. నన్ను అమ్మా అనే పిలుస్తుంది, పరీక్షలో జవాబు చెప్పినట్టు. బాత్రూముకు కూడా అడిగి వెళ్తుంది. ఒక్కసారైనా అల్లరి చేస్తే బాగుండునని ప్రార్థన చేస్తున్నాను, నమ్ముతావా?

చీర కట్టుకునే పడుకుంటున్నాను. చెంగు దాని చేతి దగ్గరే పెడతాను. పట్టుకోదు.

అడగడానికి మనసొప్పడం లేదు గానీ, కొన్నాళ్ళు నువ్వు ఫోన్ చేయకు. నీతో మాట్లాడిన రోజు అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంది. ఈ మాట ఇదివరకు నువ్వు నాకు రాశావు. ఇప్పుడు నేను నీకు రాస్తున్నాను. దేవుడు మనిద్దరితో ఏం ఆడుకుంటున్నాడో.

అక్క

&nbsp;

షార్జా
ఏప్రిల్ 2022

అక్కా,

అప్పుడు నువ్వు నా మాట విన్నావు, ఇప్పుడు నేను నీ మాట వింటాను. ఫోన్ చేయను.

జోషువాకు నత్తి మళ్ళీ ఎక్కువైంది. పాప ఉన్నప్పుడు దానికి కథలు చదివి వినిపిస్తూ చాలా సర్దుకున్నాడు. ఇప్పుడు చదవమంటే ఎవరికి అంటాడు. మీ మరిది గారు ఫ్యాక్టరీ నుంచి రాగానే ఇద్దరు పిల్లల చెప్పులు సర్దే అలవాటు, ఒక జత సర్ది ఇంకోదానికోసం వెతుక్కుంటారు. నేను బాగానే ఉన్నాను.

అది ఉత్తరం రాస్తానంటే మాత్రం ఆపకు.

సలోమి

&nbsp;

ముసఫ్ఫా
డిసెంబరు 2022

దూరంగా ఉన్న అమ్మకు,

ఇది డిసెంబరు పాఠం. దూరంగా ఉన్నవాళ్ళకు రాయాలి. దూరం అంటే మ్యాపులో కాదు, మాట్లాడాలని ఉన్నా మాట్లాడలేకపోతే వాళ్ళు దూరం అని పిన్ని చెప్పింది. పిన్నికి రాద్దామనుకున్నాను. కానీ పిన్నితో ఏం మాట్లాడాలో నాకు తెలుసు. నీతో తెలీదు. అందుకని నీకు రాస్తున్నాను.

నేను ఒక తప్పు చేశాను. పోయిన క్రిస్మస్‌కు తాత వచ్చి మీ అమ్మ ఏది అని అడిగాడు. నేను పిన్నిని చూపించాను. అది తప్పు జవాబు. తాత కోపం వచ్చి టీ తాగకుండా వెళ్ళిపోయాడు. తర్వాత నన్ను అక్కడినుంచి పంపించేశారు. అన్నయ్య కూడా నావల్లే ఏడ్చాడు.

నేను ఇక్కడ ఏ తప్పూ చేయడం లేదు. నువ్వు చూశావు కదా. మీగడ కూడా తింటున్నాను. ఈసారి తాత వస్తే నిన్నే చూపిస్తాను. నన్ను ఇంకో అమ్మ దగ్గరికి పంపొద్దని తాతకు చెప్పు.

ఎలీనా

&nbsp;

ముసఫ్ఫా
డిసెంబరు 2022

సలోమీ,

పైన పెట్టిన కాగితం ముందు చదువు. మొన్న డ్యూటీ నుంచి వచ్చి మంచంమీద వాలితే దిండు కింద దొరికింది. పక్క గదిలో కూర్చుని వెదురు పుల్లలకు దారం కడుతున్న పిల్ల నాకు ఉత్తరం రాసింది. మొదటి మాటే చూడు. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉన్నాం.

బుద్ధిమంతురాలని బళ్ళో మెచ్చుకుంటుంటే నేను నిన్నే తప్పుపట్టాను, నీమీద బెంగతో నోరు విప్పడం లేదని. అది భయమని నాకు తట్టలేదు. ఎంతమంది రోగుల మొహాలు చూసి చెప్పేదాన్ని, ఎక్కడ నొప్పో. నా పిల్ల ఏడాదిపాటు శిక్ష అనుభవిస్తుంటే నా వంట బాగుందనుకున్నాను.

ఆ వేషం నా దగ్గరే ఉండిపోయింది, ఇశ్రాయేలు గారికి తిరిగివ్వలేదు. పెట్టెలోంచి తీసి, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, దాని కళ్ళముందే వేసుకున్నాను. కోటు వేసుకున్నప్పుడు ఊరికే చూసింది. దిండు కట్టుకుంటే చూసింది. గడ్డం పెట్టుకోగానే లేచి గోడకు ఆనుకుని నిలబడింది. నేను అడగకుండానే, "మా అమ్మ మరియకుమారి" అంది. పాఠం అప్పజెప్పినట్టు. అంత చిన్న గొంతుతో.

గడ్డం తీశాను. "ఆ రోజు వచ్చింది నేనేనమ్మా. నీమీద కోపం లేదు. నేను ఏడుపొచ్చి వెళ్ళిపోయాను" అన్నాను.

"అయితే నన్ను అక్కణ్ణించి పంపించేసింది నువ్వేనా?" అంది.

అబద్ధం చెప్పడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ నా ముందుకొచ్చాయి. పంపించలేదు తెచ్చుకున్నాను అనొచ్చు, అమ్మను కదా అనొచ్చు. అవును, నేనే అన్నాను.

అప్పుడు ఏడ్చింది సలోమీ. నన్ను కొట్టింది. ఆ దిండు మీద రెండు చేతులతో కొట్టింది, అన్నయ్య కావాలి, పిన్ని కావాలి, నువ్వెందుకు తీసుకొచ్చావు అని అరిచింది. నేను పట్టుకోబోతే తోసేసింది. పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు కొట్టారు. ఏం ఫరవాలేదని చెప్పి పంపించాను. వచ్చిన నాటినుంచి మొదటిసారి నాకు వినపడేలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అక్కడే నేలమీద నిద్రపోయింది. పొద్దున లేచి, మీగడ తీసేసి పెరుగు వెయ్యి అంది.

ఆ తర్వాత అమ్మా అనలేదు ఇంకా. ఎప్పుడంటుందో తెలియదు. అననీ, మాననీ, నేను అడగను.

నక్షత్రం పుల్లలు కట్టడం అయింది, కాగితం అతికించాలి. రెండు మొనలు మావి. మీ ముగ్గురివీ ఖాళీగా ఉంచింది, నేను అతికిస్తానంటే వద్దంది. జానీ బాషా బండి శుక్రవారం ఖాళీగా ఇటు వస్తుందట. గులాబీ పువ్వుల అచ్చు తీసుకుని మీరందరూ వచ్చెయ్యండి. నాకోసం కాదు, దానికోసం.

మరియక్క